వదిలేసే చేతులు

అద్దాల కొట్లో మొదటి రోజు బాబాయి నాకు నేర్పింది గాజు కొయ్యడం కాదు, గాజును వదిలెయ్యడం.

"పడేదాన్ని పట్టుకోకు. ఎంత ఖరీదైనదైనా సరే, ఎవరు చూస్తున్నా సరే. చేతులు పైకెత్తు, వెనక్కి దూకు. పోతే గాజు పోతుంది" అన్నాడు. అని తన కుడి అరచెయ్యి చాపాడు. చిటికెన వేలి మొదలు నుంచి మణికట్టు దాకా తెల్లగా మెరిసే గీత ఉంది. ఆ వేలూ దాని పక్క వేలూ ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. పెళ్ళికి ముందు ఒక చిన్న కిటికీ గాజు బల్ల మీంచి జారితే ఆలోచించకుండా చెయ్యి పెట్టేశాడట. "పెద్దదేం కాదు. ఇంతే, నా మొహమంత" అన్నాడు.

తర్వాత చాలాకాలం నన్ను చెప్పకుండా పరీక్ష పెట్టేవాడు. నేను అంచులు నునుపు చేస్తుంటే పక్కనే నిలబడి ఊళ్ళో కబుర్లు అడుగుతూ అడుగుతూ, పనికిరాని ముక్క ఒకటి మోచేత్తో బల్ల మీంచి తోసేసేవాడు. మొదట్లో నా చెయ్యి దానివైపే వెళ్ళేది. "పోయాయి నీ వేళ్ళు" అనేవాడు. కొన్నాళ్ళకి ముక్క కదలడమే ఆలస్యం, చేతులు వాటంతట అవే పైకి లేచేవి, కాళ్ళు వెనక్కి ఎగిరేవి. నేను దూకడం అయిపోయాక పగిలిన చప్పుడు వినపడేది.

"అదీ!" అనేవాడు బాబాయి.

ఊళ్ళో బడికి వెళ్ళినన్నాళ్ళూ నన్ను ఎవరూ మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. చివరి బల్ల మీద ఒక పిల్ల కూర్చుంటుందని హాజరు పిలిచేటప్పుడు తప్ప మాస్టారికి గుర్తుండేది కాదు. అందుకని ఆ ఒక్క "అదీ" నాకు ఎంతో గొప్పగా ఉండేది.

కానీ ఇంకో పని మాత్రం నాకు చేతకాలేదు. పెద్ద పలకను ఇద్దరు మొయ్యాలి. ఒకరు ముందుకు నడుస్తారు. రెండోవాళ్ళు వాళ్ళకి ఎదురుగా ఉండి వెనక్కి నడుస్తారు. వెనక్కి నడిచే మనిషి తల తిప్పకూడదు. తల తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే గాజు మెలి పడుతుంది. దారి చెప్పడం ఎదుటి మనిషి పని. "గడప" అంటాడు, "మెట్టు" అంటాడు, "ఆగు" అంటాడు. అన్నిటికన్నా పెద్ద మాట "వదులు". అది వినపడ్డాక ఎందుకు, ఏమిటి అని అడగడం ఉండదు.

బాబాయికి జోడీగా మోసే పెద్దాయన నడుంనొప్పితో పని మానేశాక ఆ చోటు నాకొచ్చింది. వీపు వెనక ఏముందో కనపడకపోతే నాకు మెడ మీద చీమలు పాకినట్టుండేది. నాలుగడుగులు వేసేసరికి తల తిరిగిపోయేది.

"ఏం చూస్తున్నావే వెనక? పులుందా?"

"ఉంటే?"

"ఉంటే నాకు కనపడదూ? నేను చెప్పనూ?"

"నువ్వు చెప్పేలోపు..."

"చెప్పేలోపు అది నిన్ను తినేసి, నీ ఎముకతో పళ్ళు కుట్టుకుంటూ కూర్చుంటుంది. నడవ్వే తల్లీ!"

అలాంటప్పుడే మా కొట్టు పైనున్న పెద్ద గదిలోకి అద్దాలు కావాలని అడిగారు. అక్కడ సాయంకాలాలు ఒకామె జంటలుగా ఆడే డాన్సు నేర్పుతుంది. ఒక గోడ పొడుగునా తలుపంతేసి అద్దాలు వరసగా బిగించాలట. బాబాయి కొలతలు తీసుకోవడానికి పైకి వెళ్ళాడు. దిగి ఇంటికొచ్చినప్పుడు ఆయన మొహం దీపంలా ఉంది.

"పైన ఆడవాళ్ళందరూ వెనక్కే నడుస్తున్నారే! పాట అయ్యేదాకా వెనక్కే! ఒక్కతి తల తిప్పితే ఒట్టు. టీచరమ్మతో మాట్లాడేశాను. అద్దాలు ఎక్కించే వేళకి నువ్వు అది నేర్చుకోవాలి."

"డాన్సా?"

వంటగదిలోంచి పిన్ని పడీపడీ నవ్వింది. "ఇంటికి ఎవరైనా వస్తేనే ఇది తలుపు చాటుకి పోతుంది. పరాయి మనిషి చెయ్యి పట్టుకుని డాన్సు చేస్తుందిట! పట్టుకోవే దీన్ని, నవ్వలేక చస్తున్నా" అంటూ చంకలోని బుజ్జిదాన్ని నాకిచ్చింది. అప్పుడప్పుడే కూర్చోవడం నేర్చుకున్న పిల్ల. సాయంత్రమైతే దాని చోటు నా భుజం మీదే. నా జడ కొస నోట్లో పెట్టుకుని నిద్రపోవడం దానికి అలవాటు.

మొదటి రోజు పైగదిలోకి అడుగుపెట్టగానే దిగిపోదామనిపించింది. మైనం పట్టించిన చెక్క నేల. గోడల వెంట కుర్చీలు. అద్దాలు రావలసిన గోడ మీద బాబాయి గీసిన సుద్ద గీతలు. పదిమందో, ఇంకా ఎక్కువో, ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడి ఉన్నారు. టీచరమ్మ పొడుగ్గా ఉంటుంది, బొంగురు గొంతు. నన్ను భుజం పట్టుకుని తీసుకెళ్ళి ఒక లావుపాటి ముసలాయన ముందు నిలబెట్టింది. ఆయన సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. అందరూ డ్రైవరు తాతయ్య అంటారు.

"రోజూ రోడ్డు మీద నడవమన్నాడమ్మా డాక్టరు" అన్నాడాయన. "పుట్టి బుద్ధెరిగాక రోడ్డు మీదే ఉన్నాను. ఇంక దాని మొహం చూడలేను బాబోయ్ అని ఇక్కడికొచ్చాను. నా మనవరాలి వయసుదానివి. చెయ్యి ఇవ్వడానికి ఇబ్బందైతే చెప్పు, ఏమీ అనుకోను."

ఇబ్బందే. కానీ ఆ మాట చెప్పడం దానికంటే ఇబ్బంది. చెయ్యి ఇచ్చాను. గాజు పలక ఎత్తడానికి అడుగున పెట్టినట్టు నా అరచెయ్యి ఆయన చేతి కిందకి పోయింది. రెండో చెయ్యి ఆయన మోచేతి కిందకి పోయింది.

టీచరమ్మ ఫక్కున నవ్వింది. "ఆయన్ని మోసుకెళ్ళక్కర్లేదమ్మా. ఆయనకి కాళ్ళున్నాయి."

నా చేతులు సరిచేసి పెట్టింది. ఒకటి ఆయన అరచేతిలో, ఒకటి ఆయన జబ్బ మీద. ఆయన కుడి చెయ్యి నా వీపు మీద, రెక్క ఎముక కింద, పుస్తకం ఆనించినట్టు ఆనింది. పాట మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆయన ముందుకి, నేను వెనక్కి.

నా వెనకున్న గదంతా ఒక్కసారిగా మాయమైనట్టయింది. ఎవరో వెనకనుంచి నేలను చాపలా చుట్టుకుంటూ పోతున్నట్టు అనిపించింది. మడమ దించేచోట చెక్క ఉంటుందని తెలుసు. మడమకి మాత్రం ఆ నమ్మకం లేదు. తల తిప్పాను. తిప్పగానే ఆయన బూటు నా వేళ్ళ మీద పడింది.

"వెనక చూడ్డానికి బస్సుకైతే అద్దం ఉంటుంది. నీకు లేదుగా! ముందు నేనున్నాను, నన్ను చూడు" అన్నాడు తాతయ్య. "పోనీ నేను చెప్తాలే. రైట్... రైట్... ఇదిగో మలుపు..."

"చెప్పకూడదు!" గది అవతలి కొస నుంచి టీచరమ్మ కేక. "మీ చెయ్యి చెప్పాలి. ఆ పిల్ల వీపు వినాలి."

వినడం నాకు కొత్త కాదు. మాట్లాడనివాళ్ళకి ఇంకేం పని? కొన్ని సాయంకాలాలు గడిచాక నాకో సంగతి తెలిసింది. తాతయ్య అడుగు వెయ్యబోయే ముందు ఆయన ఛాతీ కొంచెం వాలుతుంది. తిరగబోయే ముందు వీపు మీది చెయ్యి బరువెక్కుతుంది. ఆయన ఒంటి బరువు ఏ కాలి మీదుందో నా అరచేతికి తెలిసిపోయేది. భయం పోలేదు. కానీ తల తిప్పడం తగ్గింది. కొట్లో బాబాయితో పలక పట్టుకుని నడిచినప్పుడు ఆయన "మెట్టు" అనేలోపే గాజు అంచులోంచి నాకు మెట్టు తెలిసేది. "డాన్సు మహత్యం!" అని బాబాయి ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాడు.

ఆ సంతోషం ఎన్నాళ్ళో లేదు.

ఆ రోజు నేలకి కొత్తగా మైనం పట్టించారు. పాట సగంలో ఉంది. తాతయ్య బూటు తాడు ఊడినట్టుంది, దాన్నే తొక్కాడు. నా అరచేతిలో ఉన్న ఆయన బరువు ఉన్నట్టుండి ఎటో వెళ్ళిపోయింది. జారుతోంది అని నేను అనుకోలేదు, అనుకునే వ్యవధి లేదు. నా చేతులు పైకి లేచాయి. నా కాళ్ళు వెనక్కి ఎగిరాయి.

ఆయన చెయ్యి నా కోసం చాచడం చూశాను. అది గాలిని పట్టుకుంది.

గాజు పగిలితే ఆ చప్పుడులో అంతా తేలిపోతుంది. మనిషి పడిన చప్పుడు అలా లేదు. మెత్తగా, సగంలో ఆగిపోయినట్టు ఉంది. ఎడమ మణికట్టు మీద పక్కకి పడ్డాడాయన. పాట నడుస్తూనే ఉంది. నేను చేతులు పైకెత్తుకుని, ఎవరో తుపాకీ చూపించినట్టు అలాగే నిలబడి ఉన్నాను.

మాతోపాటు నేర్చుకునే నర్సమ్మ పరిగెత్తుకొచ్చి ఆయన పక్కన కూలబడింది. "అలా చూస్తావేంటమ్మా? పట్టుకోవద్దూ?" అని నా మీద అరిచింది. వెనక ఎవరో అన్నారు: "పట్టుకోకపోవడం కాదు, వేడి గిన్నెని వదిలేసినట్టు వదిలేసింది. నేను చూశాగా."

తాతయ్య నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. వింత చూస్తున్నట్టు చూశాడు.

నేను మెట్లు దిగి ఇంటికి పరిగెత్తాను.

ఇంట్లో పొయ్యి మీద పాలున్నాయి. "వచ్చావా, పట్టుకో, పొంగిపోతున్నాయి" అంటూ పిన్ని బుజ్జిదాన్ని నా మీదికి చాపింది. అది రెండు చేతులూ చాపి, బోసినోరు తెరిచి నా మీదికి వంగింది.

నా చేతులు వీపు వెనక్కి పోయాయి.

"గాజు పొడి ఉంది పిన్నీ, చేతుల నిండా."

"కొట్లోంచి రాలేదుగా నువ్వు, డాన్సు నుంచేగా!"

"తలనొప్పి" అని లోపలికి వెళ్ళిపోయాను. పాలు పొంగిన వాసన వచ్చింది.

మర్నాడూ ఏదో ఒకటి చెప్పాను. ఆ మర్నాడు చెప్పడానికేం దొరక్క స్నానాలగదిలో తలుపేసుకున్నాను. బయట బుజ్జిది ఏడుస్తోంది. దాని మెడ ఎంత సన్నగా ఉంటుందో, దాని తల నా భుజం మీంచి నేలకి ఎంత దూరమో, వద్దనుకున్నా కళ్ళముందు కొలత కనపడేది. ఈగ వాలినా, వీధిలో హారన్ మోగినా, అది ఒక్కసారి వెనక్కి విరుచుకున్నా చాలు. నా చేతులు నన్ను అడగవు. అడిగితే కదా నేను వద్దనేది!

చివరికి పిన్ని నన్ను వంటగది గుమ్మంలో ఆపేసింది. కళ్ళలో నీళ్ళు.

"నా పిల్ల నీకేం అపకారం చేసిందే? దాని మొహమైనా చూడట్లేదు!"

అప్పుడు చెప్పాను. పైగదిలో జరిగిందంతా చెప్పి, "దాన్ని కూడా వదిలేస్తే?" అన్నాను.

"ఎందుకు వదిలేస్తావే, పిచ్చా?"

"ఎందుకని ఉండదు పిన్నీ. అదే నా భయం."

అన్నం ముందు కూర్చున్న బాబాయి ముద్ద కలపడం ఆపేశాడు. "పసిపిల్లా, గాజూ ఒకటేనా?" అన్నాడు, కానీ గట్టిగా అనలేకపోయాడు.

"నా చేతులకి తేడా తెలీదు బాబాయ్. డ్రైవరు తాతయ్యా, గాజూ ఒకటే అయ్యారుగా."

ముడుచుకోని ఆ రెండు వేళ్ళూ కంచం అంచు మీద అలాగే ఉండిపోయాయి.

ఆ తర్వాత పిన్ని బుజ్జిదాన్ని నాకు ఇవ్వడం మానేసింది. పాలు పొంగుతున్నా తనే చంకనేసుకుని పరిగెత్తేది. నేను ఎదురొస్తే పిల్లని రెండో చంకకి మార్చుకునేది. కావాలని కాదు, తనకే తెలీకుండా. పిల్లని పట్టుకోమని పిన్ని అడిగినన్నాళ్ళూ అది నా పిచ్చి భయమే అయి ఉండొచ్చనుకునేదాన్ని. అడగడం మానేశాక అది నిజమని తేలిపోయినట్టు అనిపించింది.

డాన్సుకి వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం కొట్టు ముందు నీడ పడితే తలెత్తాను. డ్రైవరు తాతయ్య. ఎడమ మణికట్టుకి కట్టు ఉంది. నేను లేచి బల్ల వెనక్కి జరిగాను.

"పారిపోకు. నేను పరిగెత్తలేను" అన్నాడు. "ఎముక విరగలేదు, బెణికింది. నొప్పేసిందా అంటే వేసింది. కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఆ సంగతి అయిపోయింది. క్లాసుకి ఎందుకు రావట్లేదు?"

"మిమ్మల్ని మళ్ళీ..."

"నువ్వు రాకపోతే నాకు జోడీ లేదమ్మడూ. అందరూ ఇద్దరిద్దరు సరిపోయారు. టీచరమ్మ నాకు కుర్చీనిచ్చింది. కుర్చీతో డాన్సు చేస్తున్నాను, ఈ వయసులో! మొన్న మా కోడలు చూడ్డానికొచ్చింది. కుర్చీ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాను. ఇంటికెళ్ళి మా వాడితో ఏం చెప్పిందో ఏమో, రాత్రి నుంచి వాడు నాతో చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే ఏడుపూ వచ్చింది. గాజు ముక్కల సంగతి, బాబాయి మోచెయ్యి సంగతి, "అదీ" సంగతి ఆయనకి చెప్పాను. బుజ్జిదాని సంగతి చెప్పలేకపోయాను.

"అంటే నీకు బ్రేకు ఒక్కటే నేర్పారన్నమాట" అన్నాడు. "సరే, రా. పడేదేదో నేనే పడతాను. నీకేం?"

వెళ్ళాను. గదిలోకి రాగానే మాటలు ఆగాయి. నర్సమ్మ తాతయ్య దగ్గర్లోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన కట్టు చెయ్యి పట్టుకోకూడదు కాబట్టి టీచరమ్మ నా కుడి చెయ్యి ఆయన మోచేతి కింద పెట్టింది. పాట పెట్టలేదు.

"ఆయన పక్కకి వాలతారు. నువ్వు దూరంగా పోవద్దు. బరువు ఎటు పోతుంటే నువ్వూ అటే వెళ్ళు. దగ్గరికి. అంతే" అంది.

తాతయ్య వాలాడు. నా చేతులు పైకి లేచిపోయాయి. ఆయనకి ముందే తెలుసు కాబట్టి నిలదొక్కుకున్నాడు.

"ఇంకోసారి."

మళ్ళీ లేచిపోయాయి. నా కళ్ళు మూసుకుపోతున్నాయని నర్సమ్మ చెప్పింది. ఇంకోసారి. ఇంకోసారి. ఆ సాయంత్రమంతా ఆయన వాలుతూనే ఉన్నాడు, నేను వదులుతూనే ఉన్నాను. తర్వాతి రోజుల్లో ఒక్కోసారి చేతులు ఆగేవి. ఆగాయి కదా అనుకునేలోపు మరోసారి ఎగిరిపోయేవి. ఎప్పుడు ఆగుతాయో, ఎప్పుడు ఎగురుతాయో నాకే తెలీదు. ఇంటికి వెళ్ళాక బుజ్జిది కూర్చున్న చాపకి దూరంగా, గోడ పక్కన కూర్చునేదాన్ని. అది నన్ను చూసి చేతులు చాపడం కూడా మెల్లమెల్లగా మానేసింది.

అద్దాలు ఎక్కించే రోజు వచ్చింది. పైకి వెళ్ళడానికి ఒకటే దారి. కొన్ని మెట్లు, మధ్యలో చదరంగా చిన్న అరుగు, అక్కడ వెనక్కి తిరిగి మళ్ళీ మెట్లు. నేను పైన, వెనక్కి ఎక్కుతూ. బాబాయి కింద, దారి చెబుతూ. మెట్ల మీద అద్దాన్ని అడ్డంగా పట్టుకుంటాం. అరుగు మీదికి రాగానే నిలువుగా లేపుతాం. చెరో అంచూ పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, ఇద్దరం మెల్లగా సగం చుట్టు తిరగాలి. పైన నేర్చుకునే డాన్సులో తిరిగినట్టే. అప్పుడు మా ఇద్దరి మధ్యా చేతి దూరం కూడా ఉండదు.

మొదటి అద్దాలు బాగా ఎక్కాయి. నేను ఒక్కసారి కూడా తల తిప్పలేదు. "చూశావా?" అన్నాడు బాబాయి. చెమట పట్టిన ఆయన మొహంలో సంతోషం కనపడింది.

ఇంకొకటి తెచ్చాం. అరుగు మీద లేపాం. తిరగడం మొదలుపెట్టాం. "రా... రా... ఇంకొంచెం" అంటున్నాడు బాబాయి, ఎప్పటిలాగే. ఎప్పుడూ దారి చెప్పేది ఆయనే కాబట్టి చెబుతున్నాడు. ఎప్పుడూ వినేది నేనే కాబట్టి వింటున్నాను. కానీ చుట్టు ఇంకా సగమైనా కాలేదు. ఈసారి, చెమట పట్టిన పట్టు సర్దుకోవడానికి, తిరుగుతూ తిరుగుతూ ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మేం ఎక్కొచ్చిన మెట్లు ఇంకా ఆయన వీపు వెనకే ఉన్నాయి. ఇప్పుడు వెనక్కి నడుస్తున్నది ఆయన. ముందున్నది కనపడుతున్నది నాకు. చెప్పవలసింది నేను. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఆయన మడమ అరుగు అంచు దాటడం చూశాను. నోరు తెరిచాను. మాట రాలేదు.

గాజు అంచులోంచి ఆయన బరువు వెళ్ళిపోవడం నా వేళ్ళకి తెలిసింది.

"వదులు!" అని అరిచాడు బాబాయి.

అరిచి, తను నాకు నేర్పినట్టే, చేతులు పైకెత్తి వెనక్కి దూకబోయాడు. వెనక మెట్లు తప్ప ఇంకేం లేవు.

నేను వదిలాను. నా చేతులు గాజు మీంచి లేచాయి. కానీ పైకి వెళ్ళలేదు. ఒకటి ఆయన మోచేతి కిందకి పోయింది. ఇంకొకటి ఆయన వీపు వెనక్కి, రెక్క ఎముక కిందకి పోయింది. ఆయన బరువు ఎటు పోతోందో నేనూ అటే వెళ్ళాను. వెళ్ళి, ఆయన్ని నావైపు తిప్పాను. ఇద్దరం ఒక్క చుట్టు తిరిగి వెళ్ళి గోడకి కొట్టుకున్నాం. నా భుజం మండిపోయింది. పక్కన అద్దం వాలింది, మెట్ల మీద పడింది, ఒక్కో మెట్టుకీ మళ్ళీ మళ్ళీ పగులుతూ కిందిదాకా వెళ్ళింది. ఆఖరి ముక్క వీధి గుమ్మం దగ్గర గిర్రున తిరిగి ఆగింది.

ఏ చప్పుడూ లేదు. బాబాయి గుండె నా చెవి దగ్గర కొట్టుకుంటోంది.

"ఇంక వదలవే. ఊపిరాడట్లేదు" అన్నాడు.

వదలలేకపోయాను. నా చేతులు విడిపడడం లేదు. ఆయనే నా వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి, మెట్టు మీద కూలబడ్డాడు.

"వదులు అన్నాను కదే."

"వదిలాను బాబాయ్. గాజుని."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికి నేను చీపురు తెచ్చుకున్నాను.

కొట్టు యజమాని వచ్చి తిట్టవలసినవన్నీ తిట్టి వెళ్ళాడు. నేనింకా మెట్లు ఊడుస్తుండగానే సాయంత్రం క్లాసుకి డ్రైవరు తాతయ్య వచ్చాడు. జరిగింది బాబాయి చెప్పాడు, చేతులు తిప్పుతూ, ఉన్నదానికి ఇంకొంచెం కలిపి. తాతయ్య అంతా విని నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"అయితే నన్ను నేలకేసి కొట్టి, బాబాయినేమో పట్టుకున్నావన్నమాట. ఇంత పక్షపాతమా అమ్మడూ? ఎల్లుండి రా, నీ సంగతి చెప్తా."

ఇంటికి రాగానే స్నానం చేశాను. బట్టలు మార్చుకున్నాను. జడ విప్పి దులుపుకున్నాను. పిన్ని బాబాయిని వెలుతురులో కూర్చోబెట్టి జుట్టులోంచి గాజు రవ్వలు ఏరుతోంది. ఆయన ఏం చెప్పాడో తెలీదు. ఏరడం అయ్యాక చేతులు కడుక్కుని, చాప మీంచి బుజ్జిదాన్ని ఎత్తుకుని నా ముందుకొచ్చింది. పిల్లని చాపింది.

మెట్ల మీద బాబాయిని పట్టుకున్నది నేనేనా? బాబాయి కూడా నన్ను పట్టుకున్నాడేమో. రేపు ఇంకోలా జరుగుతుందేమో.

"వణుకుతున్నాయి పిన్నీ, చేతులు."

"వణకనీ."

"నువ్వు పక్కనే ఉంటావా?"

"ఎక్కడికి పోతానే, నా ఇంట్లోంచి?"

తీసుకున్నాను. ఇన్నాళ్ళలో అది బరువెక్కింది. నన్ను మర్చిపోయినట్టు కాసేపు అనుమానంగా చూసి, జడ కొస కోసం వెతుక్కుంది. ఏడవబోతుందేమోనని మెల్లగా ఊగాను. కాళ్ళు వాటి దారిన అవి కదిలాయి. ఒకటి, రెండు, మూడు. వెనక్కి. అది నా భుజం మీంచి వెనక్కి చూస్తోంది. నేను వెళ్ళేచోట ఏముందో దానికి కనపడుతోంది. చెప్పడమే రాదు.

తల తిప్పలేదు. ఒకటి, రెండు, మూడు.

నా మడమ పీటకి తగిలింది. ఒళ్ళు ఝల్లుమంది. బుజ్జిది కెవ్వుమంది.

"అబ్బ, పిల్లని నలిపేస్తావటే!" పిన్ని కేకేసింది. "కాస్త వదులుగా పట్టు!"

కాస్త వదిలాను. చాలా కొంచెం.